కంప్యూటర్ సందేహాలు: రీస్టార్ట్ కొడితే మళ్లీ మొదట్లోలా

పదిమంది చేతులు పడే కంప్యూటర్ల గురించే ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. నెట్ సెంటర్లు, కాలేజీ ల్యాబులు, గ్రంథాలయాలు, డీటీపీ షాపులు... అందరి అవసరమూ ఒకటే. ఎవరు ఏం చేసి వెళ్లినా, తర్వాతి మనిషి కూర్చునేసరికి సిస్టమ్ మొదట పెట్టినట్టే ఉండాలి. అది సాధ్యమే. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఇందులో చిన్న పని. ఏది చెరిగిపోవాలి, ఏది మిగలాలి అని ముందే తేల్చుకోవడం పెద్ద పని. పాఠకులు రాసిన ఇబ్బందుల్లో చాలావరకు ఆ రెండోది వదిలేయడంవల్ల వచ్చినవే.

ప్రశ్న: మాది డిగ్రీ కాలేజీ పక్కన నెట్ సెంటర్ అండి. 8 సిస్టమ్‌లు, విండోస్ 11 ప్రో. పిల్లలు దరఖాస్తులు నింపుకుని జీమెయిల్ తెరిచి ఉంచే వెళ్లిపోతారు. డౌన్‌లోడ్స్ నిండా ఎవరెవరివో ఆధార్ కాపీలు, మార్కుల మెమోలు. రెండు నెలలకోసారి ఫార్మాట్ కొట్టించాల్సి వస్తోంది. డీప్ ఫ్రీజ్ వేయమంటున్నారు. అదెలా పనిచేస్తుంది? హార్డ్ డిస్క్ పాడవదా? – నెట్ సెంటర్ నిర్వాహకుడు, తెనాలి

జవాబు: డిస్క్ పాడవదు. డీప్ ఫ్రీజ్ కెనడాకు చెందిన ఫారోనిక్స్ కంపెనీది. సి డ్రైవ్‌లో ఏదైనా రాయమని విండోస్ అడిగినప్పుడల్లా దీని డ్రైవర్ మధ్యలో అడ్డుపడుతుంది. ఆ రాతను అసలు చోట పడనివ్వకుండా డిస్క్‌లో ఖాళీగా ఉన్న మరో చోటికి మళ్లిస్తుంది. తిరిగి చదవాల్సి వస్తే ఆ మళ్లించిన చోటి నుంచే తెచ్చి చూపిస్తుంది. అందుకే కూర్చున్నవాళ్లకు ఏ తేడా తెలియదు. ఫైలు సేవ్ అవుతుంది, ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అవుతుంది, ఆ మాటకొస్తే వైరస్ కూడా ఎక్కుతుంది. రీస్టార్ట్ కాగానే, ఏ రాత ఎక్కడికి మళ్లిందన్న లెక్కను అది వదిలేస్తుంది. అసలు సెక్టార్లను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి పాత స్థితే కనబడుతుంది. వెనక్కి కాపీ చేసే పనేమీ లేదు గనుక బూట్ అయ్యే సమయమూ పెద్దగా పెరగదు. మధ్యలో కరెంటు పోయినా సి డ్రైవ్‌కు ఇబ్బంది ఉండదు.

ఉన్న సిస్టమ్‌ను ఉన్నట్టే ఫ్రీజ్ చేయకండి. లోపల వైరస్ ఉంటే రోజూ దాన్నే జాగ్రత్తగా తిరిగి తెచ్చుకున్నట్టవుతుంది. ఒక్కో సిస్టమ్‌కు సగం రోజు కేటాయించి మొదటి నుంచీ కట్టుకురండి. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే సి డ్రైవ్‌కు 150 జీబీ దాకా, మిగతాది డి డ్రైవ్‌కు. విండోస్ కొత్తగా వేశాక అప్‌డేట్లన్నీ అవ్వనివ్వండి. ఇక లేవని వచ్చేదాకా చెక్ చేస్తూనే ఉండాలి. తర్వాత డ్రైవర్లు, ప్రింటర్, స్కానర్, బ్రౌజర్లు, పీడీఎఫ్ రీడర్. వేలిముద్ర యంత్రం వాడుతుంటే దాన్ని నడిపే ఆర్‌డీ సర్వీస్ సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే దాని డ్రైవర్ కూడా. ప్రింటర్ సెట్టింగ్‌లలో డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్‌కే వదిలేసే ఆప్షన్ ఒకటుంటుంది, దాన్ని ఆపేయండి. లేకపోతే పీడీఎఫ్‌కు ప్రింట్ ఇచ్చినవాళ్ల తర్వాత వచ్చినవాళ్ల కాగితం ప్రింటర్‌లోంచి రాదు.

అకౌంట్లు రెండు పెట్టండి. అడ్మిన్ మీకు, మామూలు యూజర్ కస్టమర్లకు. ఇక్కడ ఎక్కువమంది తడబడేది తెలుగు కీబోర్డు దగ్గర. ఇన్‌స్క్రిప్ట్ అయినా ఫొనెటిక్ అయినా ఆ సెట్టింగ్ అకౌంట్‌కు అకౌంట్‌కు వేరు. అడ్మిన్‌లో పెట్టి ఫ్రీజ్ చేస్తే కస్టమర్ అకౌంట్‌లో కనబడదు, రోజూ కొత్తగా చేర్చుకోవాల్సి వస్తుంది. కస్టమర్ అకౌంట్‌లోకే వెళ్లి కీబోర్డు, డిఫాల్ట్ బ్రౌజర్, డెస్క్‌టాప్ ఐకాన్లు అన్నీ సర్దండి. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆరిపోదు, సగం నిద్రపోయి లేస్తుంది.

ఇక ఫ్రీజ్‌కు ముందు డిస్క్‌లకు నకలు తీసే క్లోన్‌జిల్లా సాఫ్ట్‌వేర్‌తో మొత్తం డిస్క్ ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసి పెట్టుకోండి. ఎస్‌ఎస్‌డీ చచ్చిపోతే డీప్ ఫ్రీజ్ కాపాడలేదు, ఆ ఇమేజే కాపాడుతుంది. క్లోన్‌జిల్లా వాడిన బ్లాకులనే కాపీ చేస్తుంది కాబట్టి ఇమేజ్ చిన్నగానే వస్తుంది. అయితే విండోస్ డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ (రాసినదాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడం) పెట్టి ఉంటే ఏది వాడిందో ఏది ఖాళీయో దానికి తెలియదు, డిస్క్ మొత్తాన్ని ఎత్తుతుంది. కొత్తగా వేసిన విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే అడక్కుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అవుతున్న సందర్భాలున్నాయి. ముందే చూసుకుని ఆపేయండి. ఇమేజ్‌ను తిరిగి వేసే డిస్క్ అసలు డిస్క్ కంటే ఒక్క జీబీ కూడా చిన్నది కాకూడదు.

డీప్ ఫ్రీజ్ ఎక్కించేటప్పుడు సి డ్రైవ్‌ను మాత్రమే ఫ్రీజ్‌కు ఎంచుకోండి. తర్వాత దాన్ని తెరవాలంటే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్6 కలిపి నొక్కాలి. మార్పులు చేయాల్సి వచ్చినప్పుడు పూర్తిగా 'థాడ్'లో, అంటే ఫ్రీజ్ తీసేసి మార్పులు నిలిచిపోయే స్థితిలో, పెట్టకుండా, ఇన్ని రీస్టార్ట్‌ల వరకే థాడ్ అనే ఆప్షన్ ఎంచుకుని 1 అని ఇవ్వండి. తిరిగి ఫ్రీజ్ చేయడం మరిచిపోయే ప్రమాదం అక్కడే ఎక్కువ. పాస్‌వర్డ్, ఇన్‌స్టాలర్ రెండూ భద్రం. తీసేయాలన్నా థాడ్ స్థితిలో ఆ ఇన్‌స్టాలర్‌తోనే తీయాలి.

ఇదంతా చేసినా మీ జీమెయిల్ సమస్య సగమే తీరుతుంది. రీస్టార్ట్ అయ్యేదాకా తెరిచింది తెరిచినట్టే ఉంటుంది మరి. కస్టమర్ లేవగానే రీస్టార్ట్ కొట్టడం అలవాటు చేసుకోండి. ఎస్‌ఎస్‌డీ మీద అది పెద్ద ఆలస్యం కాదు. దానికి తోడు డెస్క్‌టాప్‌లో ఉన్న క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో, టార్గెట్ గడి చివర ఒక ఖాళీ వదిలి, రెండు హైఫన్‌లు పెట్టి ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో గెస్ట్ అని చేర్చండి. అప్పుడు క్రోమ్ ఎప్పుడూ గెస్ట్‌గానే తెరుచుకుంటుంది. గెస్ట్ కిటికీలన్నీ మూయగానే లాగిన్లు, హిస్టరీ పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం పోవు, అవి రీస్టార్ట్‌తోనే పోతాయి.

ఇంకో సంగతి. డీప్ ఫ్రీజ్ పాత రాతలను వదిలేస్తుందే తప్ప వాటి మీద తుడిచి రాయదు. రికవరీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు పాత హార్డ్ డిస్క్‌లోంచి కొన్ని కాపీలు లాగగలరు. వేల మంది ఆధార్ కాగితాలు దాటిన డిస్క్ అది. పాత సామాన్ల అంగడికి వేసే ముందు డిస్క్ మొత్తాన్ని సున్నాలతో నింపి ఇవ్వడం మీ బాధ్యత.

ప్రశ్న: ఫ్రీజ్ చేసి నెల కాలేదు, షార్ట్‌కట్ వైరస్ మళ్లీ వచ్చింది. రీస్టార్ట్ చేస్తే పోతోంది, మధ్యాహ్నానికి తిరిగొస్తోంది. సాఫ్ట్‌వేర్ పనిచేయనట్టేనా సార్? – జిరాక్స్, నెట్ సెంటర్, జనగామ

జవాబు: సాఫ్ట్‌వేర్ పనిచేస్తోంది. వైరస్ ఉన్నది సి డ్రైవ్‌లో కాదు, మీరు ఫ్రీజ్ చేయకుండా వదిలిన డి డ్రైవ్‌లో. పెన్ డ్రైవ్ నుంచి ఎక్కిన వైరస్ అక్కడి ఫోల్డర్లను దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. ఎవరో ఒకరు ఫోల్డరే అనుకుని నొక్కుతారు, సి డ్రైవ్‌లోకి మళ్లీ దిగుతుంది.

డి డ్రైవ్‌ను శుభ్రం చేసేటప్పుడు సి డ్రైవ్ ఫ్రోజెన్‌లోనే ఉండాలి. చేయి జారి వైరస్‌ను నొక్కినా రీస్టార్ట్‌తో పోతుంది. థాడ్‌లో పెట్టి ఈ పని చేయడమే పెద్ద పొరపాటు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ కూడా తీయండి. ఫైళ్ల చివరి పేర్లు కూడా కనబడేలా పెట్టుకోండి. బాణం గుర్తున్న షార్ట్‌కట్లు, వీబీఎస్, జేఎస్, డబ్ల్యూఎస్ఎఫ్ అని ముగిసే తెలియని ఫైళ్లు తొలగించండి. అసలు ఫోల్డర్లు మసకగా కనబడతాయి. వాటి ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్ తీయబోతే తీయనివ్వదు, ఎందుకంటే వైరస్ వాటికి సిస్టమ్ గుర్తు కూడా వేసింది. కొత్త ఫోల్డర్ చేసి, లోపలి ఫైళ్లను అందులోకి మార్చి, పాతదాన్ని తీసేయడం తేలిక.

తర్వాత దారి మూయాలి. సి డ్రైవ్‌ను ఒకసారి థాడ్ చేసి, పెన్ డ్రైవ్‌లేవీ పెట్టకుండా, గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరవండి. కంప్యూటర్ కాన్ఫిగరేషన్‌లో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్ – ఆ దారిలో వెళ్తే రిమూవబుల్ డిస్క్‌ల నుంచి ప్రోగ్రామ్‌లు నడపకుండా ఆపే పాలసీ ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేయండి. స్క్రిప్ట్ ఫైళ్లను నడిపే విండోస్ స్క్రిప్ట్ హోస్ట్‌ను కూడా రిజిస్ట్రీలో ఆపేయండి. ఈ తరహా వైరస్‌లు చాలావరకు దాని మీదే నడుస్తాయి. ఇక కస్టమర్ల ఫైళ్లు డి డ్రైవ్‌లో ఎన్నాళ్లు? వారం చాలు. ఫోర్‌ఫైల్స్ అనే కమాండ్ విండోస్‌లోనే ఉంది. ఏడు రోజులు దాటిన ఫైళ్లను తీసేసేలా దాన్ని టాస్క్ షెడ్యూలర్‌లో, సి డ్రైవ్ థాడ్‌లో ఉన్నప్పుడే, పెట్టేయండి. ఫ్రోజెన్‌లో పెట్టిన టాస్క్ మర్నాటికి ఉండదు.

ప్రశ్న: రీస్టార్ట్‌తో హిస్టరీ అంతా పోతే, రేపు పోలీసులు వచ్చి ఫలానా రోజు ఎవరు ఏం చూశారని అడిగితే ఏం చూపించాలి? – పేరు రాయని పాఠకుడు, అనంతపురం

జవాబు: అడగాల్సిన ప్రశ్న. సైబర్ కెఫేల కోసం ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. వచ్చినవాళ్ల గుర్తింపు చూడాలి, రిజిస్టర్ రాయాలి, దాన్ని కనీసం ఏడాది ఉంచాలి. చూసిన వెబ్‌సైట్ల వివరాలు, ప్రాక్సీ సర్వర్ (సిస్టమ్‌లకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలిచే కంప్యూటర్) లాగ్‌లు, అంటే అది రాసుకునే నమోదులు, కూడా ఏడాది భద్రపరచాలి. సిస్టమ్‌లను ఫ్రీజ్ చేశామని ఈ బాధ్యత పోదు. కాబట్టి లాగ్‌ను కస్టమర్ కూర్చునే సిస్టమ్‌లో కాకుండా, ఇంటర్నెట్ బయటికి వెళ్లే దారిలో పట్టుకోవాలి.

పక్కన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి చాలు. అందులో లినక్స్, దాని మీద స్క్విడ్ ప్రాక్సీ వేసి, మిగతా సిస్టమ్‌లన్నీ దాని గుండానే వెళ్లేలా చేయండి. రూటర్‌లో నేరుగా బయటికి వెళ్లే దారి మూసేస్తే ప్రాక్సీ సెట్టింగ్ తీసేసినా లాభం ఉండదు. ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్, అంటే మధ్యలో ఎవరూ చదవలేని పద్ధతి, వాడతాయి కాబట్టి స్క్విడ్ లాగ్‌లో ఏ సైట్‌కు, ఎన్ని గంటలకు అన్నదే ఉంటుంది. లోపల ఏ పేజీ, ఏం టైప్ చేశారు అన్నది ఉండదు. కస్టమర్ గోప్యత దృష్ట్యా అంతకుమించి పట్టుకోవాలని చూడకూడదు కూడా. ఒక్క ముఖ్యమైన పని: రూటర్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో ఐపీ అడ్రస్ శాశ్వతంగా కేటాయించండి. రోజుకో అడ్రస్ మారుతుంటే, రిజిస్టర్‌లో 5వ నంబర్ సిస్టమ్ అని రాసినా లాగ్‌లో అది ఏదో తేల్చలేరు.

విండోస్ సొంత ఈవెంట్ లాగ్‌లు కూడా మిగలాలంటే, సి డ్రైవ్ థాడ్‌లో ఉన్నప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ ప్రాపర్టీస్ తెరిచి లాగ్ పాత్‌ను డి డ్రైవ్‌కు మార్చండి. ఎన్ని గంటలకు ఏ అకౌంట్ లాగిన్ అయిందో రీస్టార్ట్‌ల తర్వాత కూడా దొరుకుతుంది.

ప్రశ్న: మా ల్యాబ్‌లో 40 సిస్టమ్‌లు, 8 జీబీ ర్యామ్, విండోస్ 11 ఎడ్యుకేషన్. వెనకటికి ఎక్స్‌పీలో స్టెడీస్టేట్ అని మైక్రోసాఫ్ట్‌దే ఉచితంగా ఉండేది. ఇప్పుడలాంటిది ఉందా? లైసెన్సులకు బడ్జెట్ లేదు. – ల్యాబ్ ఇన్‌ఛార్జి, డిగ్రీ కాలేజీ, నల్గొండ

జవాబు: స్టెడీస్టేట్‌ను మైక్రోసాఫ్ట్ 2010 చివర్లో ఆపేసింది. విండోస్ 7కే అది రాలేదు. కానీ మీ చేతిలో ఉన్న ఎడ్యుకేషన్ ఎడిషన్‌లోనే, డీప్ ఫ్రీజ్‌లాగే రాతలను మళ్లించే యూనిఫైడ్ రైట్ ఫిల్టర్, అంటే యూడబ్ల్యూఎఫ్, ఉంది. ఎంటర్‌ప్రైజ్, ఐఓటీ ఎంటర్‌ప్రైజ్‌లలోనూ ఉంటుంది. హోమ్, ప్రో ఎడిషన్లలో ఉండదు కాబట్టి ఆ ఎడిషన్లున్నవాళ్లు ఇది చదివి వెతుక్కోవద్దు.

కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్లు ఆన్, ఆఫ్ చేసేచోట డివైస్ లాక్‌డౌన్ కింద దీనికి టిక్ పెట్టండి. మిగతాది అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో. కమాండ్ పేరు యూడబ్ల్యూఎఫ్ఎంజీఆర్. యు, డబ్ల్యు, ఎఫ్, ఎం, జి, ఆర్ అని ఆరు ఇంగ్లిష్ అక్షరాలు, కలిపి రాయాలి. దాని తర్వాత ఓవర్లే, సెట్-సైజ్, 3072 అని ఇవ్వండి. రాతలు మళ్లించే జాగా ఎన్ని ఎంబీలన్నది ఆ అంకె. ఏమీ ఇవ్వకపోతే 1024 మాత్రమే ఉంటుంది, బ్రౌజర్ నాలుగు ట్యాబ్‌లతో గంట నడిస్తే అది చాలదు. హెచ్చరిక హద్దును 2048కి, ప్రమాద హద్దును 2560కి పెంచండి. తర్వాత వాల్యూమ్, ప్రొటెక్ట్, సి, కోలన్. చివరికి ఫిల్టర్, ఎనేబుల్. ఆపై రీస్టార్ట్. ఈ వరస మార్చకండి. ఫిల్టర్ నడుస్తుండగా ఓవర్లే రకం, సైజు మార్చనివ్వదు. గెట్-కాన్ఫిగ్ అని అడిగితే ఇప్పటి సెషన్‌కు ఒకటి, తర్వాతి సెషన్‌కు ఒకటి చొప్పున రెండు పట్టికలు చూపిస్తుంది. రీస్టార్ట్‌కు ముందు రెండో పట్టికనే చూడాలి.

ఇక వచ్చే చిక్కులు. ఓవర్లే మామూలుగా ర్యామ్‌లో ఉంటుంది. అది నిండిందంటే కొత్త రాతలు విఫలమై సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది. పైన చెప్పిన హద్దులు దాటితే ఈవెంట్ లాగ్‌లో ఒక మాట రాయడమే తప్ప అది ఏదీ ఆపదు. జాగా ఖాళీ చేయడానికి నమ్మకమైన దారి రీస్టార్టే. అందుకే ఒక్కో బ్యాచ్ తర్వాత రీస్టార్ట్ చేయించండి. పైగా మొదటిసారి ఫిల్టర్ ఆన్ చేయగానే విండోస్ తన పేజింగ్ ఫైలును (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే జాగాను) ఆపేస్తుంది. సిస్టమ్ రిస్టోర్, ఫాస్ట్ బూట్, ఇండెక్సింగ్ కూడా ఆగిపోతాయి. 8 జీబీలో 3 ఓవర్లేకు పోతే మిగిలేది 5. సి, పైథాన్ ల్యాబ్‌కు అది చాలు. ఆండ్రాయిడ్ స్టూడియో నడిపే ల్యాబ్‌కు చాలదు. అక్కడ ఓవర్లే రకాన్ని డిస్క్‌కు మార్చి 10240 ఇవ్వండి. ఆండ్రాయిడ్ స్టూడియో వాడుకునే గ్రేడిల్ అనే పరికరం డౌన్‌లోడ్‌లు వెళ్లే ఫోల్డర్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా డి డ్రైవ్‌కు తిప్పండి. లేదంటే ప్రతి ఉదయం 40 సిస్టమ్‌లూ ఒకేసారి అవే ఫైళ్లు ఇంటర్నెట్ నుంచి దించుకుంటాయి.

విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌కు మినహాయింపు (ఫిల్టర్ అడ్డుపడకుండా రాతలు నిలిచే వీలు) ఇవ్వకపోతే రోజూ పాత వైరస్ జాబితాతోనే లేస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని విండోస్ డిఫెండర్ ఫోల్డర్, ప్రోగ్రామ్‌డేటాలో మైక్రోసాఫ్ట్ కింద ఉన్న విండోస్ డిఫెండర్ ఫోల్డర్ – ఈ రెండింటికీ ఫైల్ మినహాయింపు ఇవ్వాలి. రిజిస్ట్రీలో హెచ్‌కేఎల్‌ఎం, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్ కింద ఉన్న విండోస్ డిఫెండర్ కీకి రిజిస్ట్రీ మినహాయింపు. అంతకు మించి మినహాయింపులు ఇవ్వాలన్న ఆశ పుడుతుంది, ఇవ్వకండి. డెస్క్‌టాప్‌కు మినహాయింపు ఇచ్చిన రోజున ఫిల్టర్ పెట్టిన ప్రయోజనం సగం పోయినట్టే. విద్యార్థుల ప్రోగ్రామ్‌లు డి డ్రైవ్‌లో హాల్‌టికెట్ నంబర్ పేరుతో ఫోల్డర్‌లోనో, సర్వర్‌లోనో ఉండాలి.

కాలేజీ సర్వర్ డొమైన్‌లో చేర్చిన సిస్టమ్‌లైతే మరో తలనొప్పి పొంచి ఉంటుంది. ప్రతి 30 రోజులకూ సిస్టమ్, సర్వర్ తమ మధ్య ఉన్న రహస్య పాస్‌వర్డ్‌ను మార్చుకుంటాయి. మార్చుకున్నాక రీస్టార్ట్ అయితే సిస్టమ్ పాత పాస్‌వర్డ్‌తో లేస్తుంది, సర్వర్ దగ్గర కొత్తది ఉంటుంది. నమ్మకం తెగిపోయిందన్న సందేశం వచ్చి ఎవరూ లాగిన్ కాలేరు. ఫిల్టర్ వేసే ముందే సెక్యూరిటీ ఆప్షన్స్‌లో డొమైన్ మెంబర్ పేరుతో మొదలయ్యే పాలసీల్లో, మెషీన్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్పును ఆపేదాన్ని ఎనేబుల్ చేయండి.

ప్రశ్న: ఫ్రీజ్ చేసిన దగ్గర్నుంచి నెట్ డేటా ఊరికే అయిపోతోంది. ఎవరూ ఏమీ దించుకోవట్లేదు. – మీసేవ నిర్వాహకురాలు, జగిత్యాల

జవాబు: దించుకుంటున్నది విండోసేనమ్మా. ఉదయం లేవగానే అప్‌డేట్ ఉందని చూస్తుంది, దించుకుంటుంది, రీస్టార్ట్‌తో అంతా పోతుంది. మర్నాడు మళ్లీ అదే. బ్రౌజర్లూ, యాంటీవైరస్‌లూ అంతే. నెలకు ఒక రోజు పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ నెలసరి అప్‌డేట్లు రెండో మంగళవారం వస్తాయి, మనకు చేరేసరికి బుధవారం. ఆ వారంలో వచ్చే ఆదివారం థాడ్‌లో పెట్టి, అన్నీ అయ్యాక రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. మొదటి రీస్టార్ట్ తర్వాత కూడా వెనకాల పని మిగిలి ఉండొచ్చు. ఆ తర్వాతే ఫ్రీజ్. ఆ రోజు యూపీఎస్ తప్పనిసరి. ఫ్రోజెన్‌లో కరెంటు పోతే నష్టం లేదు గానీ, థాడ్‌లో అప్‌డేట్ సగంలో ఉండగా పోతే విండోస్ లేవకపోవచ్చు. మిగతా రోజుల్లో ఆటోమేటిక్ అప్‌డేట్లను గ్రూప్ పాలసీలో ఆపి ఉంచండి. ఆపాం కదా అని ఆదివారాన్ని వదిలేస్తే మాత్రం నెలల తరబడి పాత లొసుగులతో నడుస్తున్నట్టే.

యూడబ్ల్యూఎఫ్ వాడేవాళ్లకు ఇందుకు సర్వీసింగ్ మోడ్ ఉంది. సర్వీసింగ్, ఎనేబుల్ అని కమాండ్ ఇచ్చి రీస్టార్ట్ చేస్తే, తానే అప్‌డేట్లు వేసుకుని మళ్లీ ఫిల్టర్‌తో లేస్తుంది.

ప్రశ్న: పెళ్లి కార్డు డిజైన్ పేజ్‌మేకర్‌లో రెండు గంటలు చేసి డెస్క్‌టాప్‌లో సేవ్ చేశాను. అది ఫ్రీజ్ ఉన్న సిస్టమ్ అని గుర్తులేదు. రీస్టార్ట్‌తో పోయింది. తిరిగి వస్తుందా? – డీటీపీ ఆపరేటర్, రాజమహేంద్రవరం

జవాబు: ఆశ తక్కువ, కానీ పూర్తిగా లేకపోలేదు. ఇంకా ఆ సిస్టమ్‌ను వాడుతుంటే ముందు ఆపేయండి. ఇప్పుడు పడే ప్రతి రాతా మీ పాత ఫైలు ఉన్న చోటి మీదే పడొచ్చు. హార్డ్ డిస్క్ అయితే దాన్ని ఊడదీసి మరో సిస్టమ్‌కు తగిలించి, ఫొటోరెక్ లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఖాళీ జాగాను వెతకాలి. దొరికిన ఫైళ్లకు పాత పేర్లు ఉండవు, ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సిందే. ఎస్‌ఎస్‌డీ అయితే వదిలేసిన జాగాను అది తనే తుడిచేసుకుంటుంది కాబట్టి అవకాశం ఇంకా తక్కువ. ర్యామ్‌లో ఓవర్లే ఉన్న సిస్టమ్ అయితే వెతకడం కూడా వృథా.

అసలు డీటీపీ సిస్టమ్‌ను నెట్ సెంటర్ సిస్టమ్‌లా పూర్తిగా ఫ్రీజ్ చేయడం మాకు నచ్చదు. తప్పదనుకుంటే థాడ్‌లో ఉన్నప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్‌కు వెళ్లి రెండింటినీ డి డ్రైవ్‌కు మార్చండి. అను ఫాంట్లు, అను స్క్రిప్ట్ మేనేజర్ సి డ్రైవ్‌లోనే ఉండనివ్వండి. కొత్త ఫాంట్ ఎప్పుడు వేయాలన్నా థాడ్‌లో వేయండి.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయానికి ఎవరో 4 పాత కంప్యూటర్లు ఇచ్చారు. 4 జీబీ ర్యామ్. లినక్స్ మింట్ వేశాం. రోజూ పిల్లలు వాల్‌పేపర్లు, సెట్టింగ్‌లు మార్చేస్తున్నారు. – గ్రంథాలయ నిర్వాహకుడు, పాలకొండ

జవాబు: మీకు రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. మింట్‌లో గెస్ట్ సెషన్ ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. లాగిన్ విండో సెట్టింగ్‌లలో యూజర్స్ పేజీకి వెళ్లి ఆన్ చేయండి. గెస్ట్‌గా వచ్చిన ప్రతి ఒక్కరికీ కొత్త ఇల్లు, అంటే సొంత హోమ్ ఫోల్డర్, తయారవుతుంది, లాగౌట్ కాగానే అది తొలగిపోతుంది. ఆ ఇంట్లో మొదటి నుంచీ ఉండాల్సినవి, అంటే తెలుగు కీబోర్డు సెట్టింగ్, పుస్తకాల లింకులు, వాల్‌పేపర్ వంటివి, ఈటీసీ ఫోల్డర్‌లో గెస్ట్-సెషన్ అని ఒకటి సృష్టించి దానిలో స్కెల్ అనే ఫోల్డర్‌లో పెట్టాలి. దానికి తేలిక మార్గం: ఓ మామూలు యూజర్‌ను తయారు చేసి, అన్నీ సర్ది, ఆ ఇంటి ఫైళ్లను, దాగి ఉన్నవాటితో సహా, స్కెల్‌లోకి కాపీ చేయడం.

రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు చేసే మామూలు మార్పులు కూడా నిలవకూడదంటే ఓవర్లేరూట్ ప్యాకేజీ వేసుకోవచ్చు. దాని కాన్ఫిగ్ ఫైలు చివరి వరుసలో విలువను టీఎంపీఎఫ్ఎస్ అని, కోలన్ పెట్టి రికర్స్ ఈక్వల్ టు 0 అని రాసి రీస్టార్ట్ చేస్తే రాతలన్నీ ర్యామ్‌లోకి పోతాయి. ఆ రికర్స్ మాట లేకపోతే విడిగా పెట్టిన డేటా పార్టిషన్ కూడా ఫ్రీజ్ అవుతుంది. కానీ ఇది ర్యామ్‌లో సగం వరకే, అంటే మీకు 2 జీబీ వరకే రాయనిస్తుంది. వీడియో ఒకటి దించుకుంటే నిండిపోతుంది. మీ 4 జీబీ సిస్టమ్‌లకు గెస్ట్ సెషనే సరి. ఓవర్లేరూట్ పెట్టినవాళ్లు అప్‌డేట్లకు, బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ ఇ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ఓవర్లేరూట్ ఈక్వల్ టు డిసేబుల్డ్ అని చేర్చి బూట్ చేస్తే ఆ ఒక్కసారికి రాతలు నిలుస్తాయి.

ప్రశ్న: ఇంట్లో వాడిన విండోస్ 11 ల్యాప్‌టాప్ అమ్ముతున్నాను. కొన్నవాళ్లకు కొత్తదానిలా ఇవ్వాలి. షాపువాళ్లు ఫార్మాట్‌కు 500 అడుగుతున్నారు. – గృహిణి, కర్నూలు

జవాబు: మీరే చేసుకోవచ్చు. ముందు ఫొటోలు, కాగితాలు బయటి డిస్క్‌లోకి తీసుకుని, ఆ డిస్క్‌ను మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఛార్జర్ తగిలించి ఉంచండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ. అందులో అన్నీ తీసేయమనే ఆప్షన్ ఎంచుకోండి. తర్వాత క్లౌడ్ డౌన్‌లోడ్ అంటే 4 జీబీ పైగా డేటా ఖర్చవుతుంది. మొబైల్ నెట్ మీద అయితే లోకల్ రీఇన్‌స్టాల్ చాలు. వెంటనే రీసెట్ నొక్కకుండా ఛేంజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్లీన్ డేటాను ఆన్ చేయండి. డి డ్రైవ్ కూడా ఉంటే అన్ని డ్రైవ్‌ల నుంచి తొలగించమని చెప్పండి. ఇది వదిలేస్తే మీ ఫైళ్లు డి డ్రైవ్‌లో అలాగే ఉండిపోతాయి. క్లీన్ డేటా హార్డ్ డిస్క్ మీద కొన్ని గంటలు తీసుకుంటుంది, రాత్రి పెట్టి వదిలేయండి.

చివర్లో దేశం, భాష అడిగే తెర వస్తుంది. అక్కడ ఏమీ నింపకుండా పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. కొన్నవాళ్లు తమ పేరుతో మొదలుపెట్టుకుంటారు. ఆ తర్వాత ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైస్‌ల జాబితా నుంచి ఆ ల్యాప్‌టాప్‌ను తీసేయండి.